అనంతగిరి దాకా

ఈ సంచికకి ‘ప్రయాణం’ మీద ఏదైనా రాసివ్వమని మన క్లబ్బు వాళ్ళు అడిగితే, అరకు ట్రిప్పు గురించి రాస్తానని ఒప్పేసుకున్నాను. తీరా రాయడానికి కూర్చున్నాక గుర్తొచ్చింది, మేం అసలు అరకు చేరనేలేదని. కాబట్టి కాఫీ తోటలు, బొంగు చికెన్, మబ్బుల్లో సెల్ఫీల కోసం ఈ పేజీ తెరిచినవాళ్ళు నన్ను క్షమించి పక్క పేజీకి వెళ్ళిపోవచ్చు. ఇందులో ఎక్కువ భాగం రోడ్డు పక్కన నిలబడటమే.

పోయిన డిసెంబరు మొదటి ఆదివారం. అరకులో వలిసె పూలు ఇంకా ఉన్నాయని ఎవరో స్టేటస్ పెట్టారు. అంతే, నాలుగు బళ్ళు, ఏడుగురం తయారు. మా బ్యాచ్‌లో పేర్లకన్నా ఊళ్ళతో పిలుచుకోవడం ఎక్కువ కనక ఇక్కడా అలాగే చెప్తాను. పాలకొండది సెకండ్ హ్యాండ్‌లో కొన్న నూటయాభై సీసీ బండి, వాడి వెనక రాజాం. తునిది మూడు నెలల కొత్త బండి, కట్టాల్సిన వాయిదాలు ఇంకా ముప్ఫై మూడు. వాడి వెనక కాకినాడ. చోడవరం వాళ్ళ అక్కని బతిమాలి గేర్లు లేని స్కూటర్ తెచ్చాడు, వెనక బొబ్బిలి. నాలుగోది నాది. నన్ను గాజువాక అంటారు. నాది అన్నానుగానీ బండి మా నాన్నది. వంద సీసీ, నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఆ రోజు జరిగినదాంట్లో కంపెనీ తప్పేమీ లేదు.

నా వెనక ఎవరూ కూర్చోలేదు. “ఇది ఘాట్ ఎక్కుద్దా మావా?” అని బొబ్బిలి నవ్వుతూనే అడిగాడు. నేనూ నవ్వాను. కానీ అలా అడుగుతారని నాకు ముందే తెలుసు. అందుకే శనివారం సాయంత్రం ఒక నల్ల స్ప్రే పెయింట్ డబ్బా కొని, తుప్పు పట్టిన సైలెన్సర్‌కీ, రంగు పోయిన పెట్రోల్ ట్యాంకు మూతకీ రెండేసి కోటింగులు కొట్టాను. ఫొటోల్లో పడుతుంది కదా. ఇంట్లో మాత్రం ప్రాజెక్టు పని మీద కాలేజీకి వెళ్తున్నానని చెప్పాను. నాన్న పెయింటు వైపు చూసి ఏమీ అనలేదు.

ప్లాను పకడ్బందీగానే వేశాం. పొద్దున్న 5:30కి ఎన్.ఏ.డి. జంక్షన్లో కలవడం, పెందుర్తి, కొత్తవలస, ఎల్.కోట, ఎస్.కోట మీదుగా వెళ్ళి బొడ్డవర దగ్గర ఘాట్ ఎక్కడం, 9 కల్లా అనంతగిరి, 10కి అరకు. మొత్తం 115 కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూగా. 2022లో జిల్లాలు విడగొట్టాక ఈ పాటి దూరానికే విశాఖపట్నం, విజయనగరం, అల్లూరి సీతారామరాజు అని మూడు జిల్లాలు తిరగాలి. మేం రెండో జిల్లాలోనే సగం రోజు గడిపేశాం.

మొదటి పంక్చర్ పెందుర్తిలో. పాలకొండ బండి వెనక టైరు. షాపు ముందు బల్ల మీద దుప్పటి కప్పుకుని పడుకున్న పెద్దాయన్ని లేపాం. “ఏటి బాబూ, ఇంకా తెల్లారనేదు” అంటూనే లేచి ట్యూబు లాగి నీళ్ళ తొట్టిలో ముంచాడు. బుడగలు కనబడ్డ చోట గీకి ప్యాచ్ వేశాడు. “ఉండండి, టైరు లోపల ఓపాలి సెయ్యి తిప్పి సూస్తాను” అన్నాడు. “టైమైపోతోంది, ఎక్కించీ అన్నా” అన్నది నేనే. ఆయన నా వైపు ఒకసారి చూసి ఎక్కించేశాడు. కొత్తవలస దాటాక అదే టైరు మళ్ళీ కూర్చుంది. ఈసారి నేల మీద గొంతుక్కూర్చుని పని చేసే కుర్రాడు టైరు లోపల వేళ్ళతో తడిమి, చీపురుపుల్ల మందం ఇనుప తీగ ముక్క ఒకటి బయటికి లాగాడు. కొత్త కన్నం సరిగ్గా పాత ప్యాచ్ పక్కనే. రెండు నిమిషాలు మిగుల్చుకుందామని నలభై నిమిషాలు పోగొట్టుకున్నాం. దానికి తోడు బండిని నెట్టుకొచ్చిన దూరం ఒకటి.

ఇక నా బండి. ఎల్.కోట దాటాక చదునైన రోడ్డు మీద బాగా పోతున్నది పోతున్నట్టే గుంజుకుని, గుంజుకుని ఆగిపోయింది. “బ్రేక్‌డౌన్!” అని వెనక నుంచి తుని గట్టిగా అరిచాడు.

మా ఇంట్లో ఆ మాట అలా నవ్వుతూ ఎవరూ అనరు. నాన్న ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా పనిచేసి రెండేళ్ళ కింద రిటైరయ్యారు. ఏ ఫ్యాక్టరీ అని అడక్కండి, మా గాజువాక చుట్టుపక్కల ఫ్యాక్టరీలకి కరువా. ఏ షిఫ్ట్, బీ షిఫ్ట్, సీ షిఫ్ట్ అనేవి మాకు సోమ, మంగళ, బుధవారాల్లాంటివి. పొద్దున్న 6కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 10కి సైకిళ్ళూ బళ్ళూ బస్సులూ ఒక దిక్కుకి కదుల్తాయి. ఈ మూడింటిలోనూ ఇమడని నాలుగో షిఫ్టు బ్రేక్‌డౌన్. రాత్రి ఫోన్ మోగుతుంది. నాన్న “ఆఁ... ఆఁ... వస్తన్నాను” అంటారు. ఈ బండే కిక్ కొట్టిన చప్పుడు, తర్వాత వీధి మలుపు దాకా వినబడి తగ్గిపోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తారో ఆయనకే తెలీదు. అమ్మ కంచం మీద కంచం బోర్లించి కూర్చుంటుంది.

నా ఏడో తరగతిలో స్కూల్ యానివర్సరీకి క్విజ్‌లో ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. తప్పకుండా వస్తానన్నారు. ప్రైజు తీసుకుని స్టేజీ మెట్ల మీద నిలబడి గేటు వైపే చూశాను. రాత్రి పదింటికి నూనె మరకల యూనిఫాంతో వచ్చారు. అప్పటికి గ్రౌండ్‌లో షామియానా మడత పెట్టేవాళ్ళు, అమ్మ, నేను. “బ్రేక్‌డౌన్ పడింది నాన్నా” అన్నారు. నేను ఆ స్టీలు గ్లాసు ప్రైజు ఆయనకి చూపించలేదు. ఇప్పటికీ చూపించలేదు. చిన్న విషయమే, కానీ నేను మెకానికల్ తీసుకున్నప్పుడు ఆయన సంతోషపడితే “మార్కులకి ఇదే వచ్చింది, అందుకే” అని పనిగట్టుకుని చెప్పడం వెనక ఆ గ్లాసే ఉంది.

సరే, ఎల్.కోట. ప్లగ్గు విప్పాను, తుడిచాను, బిగించాను. పెట్రోలుందా అని మూత తీసి చూశాను, సగం పైనే ఉంది. కిక్ కొడితే స్టార్టయింది. ప్లగ్గే అన్నాను, అందరూ అవునన్నారు. పన్నెండు కిలోమీటర్లు పోయాక ఎస్.కోట ముందు మళ్ళీ అదే తంతు. ఈసారి రాజాం కార్బ్యురేటర్ అన్నాడు, కాకినాడ ‘ఓవర్ హీట్’ అన్నాడు, బొబ్బిలి యూట్యూబ్ తెరిచాడు. ఇద్దరు మెకానికల్, ఒక సివిల్, రెండు ఈసీఈ, రెండు సీఎస్ఈ. ఆటో సైకిల్ పీవీ డయాగ్రమ్ గోడ మీద గీయమంటే నేను గీసేవాణ్ణి. పది నిమిషాలు ఏదో కెలికాక మళ్ళీ స్టార్టయింది. ఏం చేస్తే అయిందో ఎవరికీ తెలీలేదు. అదే అన్నిటికన్నా చికాకు.

తుని అక్కడే తెగేసి చెప్పాడు. “మీ డొక్కు బళ్ళతో ఇవాళ అవదు మావా. మేం ముందెళ్తాం, మీరు మెల్లగా రండి.” నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. “పో, నువ్వు పోతే ఇక్కడ ఎవడూ ఏడవడు. ఆ బండి మీ నాన్న ఒళ్ళు అమ్ముకుని కొనిచ్చాడు కదా, దాన్నే తోడు పెట్టుకో” అన్నాను. వాళ్ళ నాన్న తునిలో తమలపాకుల తోటలో కూలీ. వాయిదాలు కడుతున్నది వాళ్ళన్నయ్య. ఇవన్నీ నాకు తెలిసే అన్నాను. వాడేమీ మాట్లాడకుండా హెల్మెట్ పెట్టుకుని కాకినాడని ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

బొడ్డవరలో మూడోసారి ఆగిపోయింది. పాలకొండ తన బండి మీద కూర్చునే ఎడమ కాలు నా ఫుట్‌రెస్టుకి ఆనించి టీ కొట్టు దాకా తోసుకొచ్చాడు. రోడ్డు ఇక్కడి నుంచే కొండెక్కుతుంది, రైలు కూడా. మాకన్నా గంటకి పైగా ఆలస్యంగా విశాఖలో బయల్దేరే కిరండూల్ పాసింజరు అప్పటికే వెళ్ళిపోయిందని టీ కొట్టు ఆవిడ చెప్పింది. మేం చూస్తుండగా ఇనుప ఖనిజం గూడ్సు ఒకటి కొండ మీంచి దిగింది, ఎంతకీ అవదే. బైలడిల్లా గనుల ఖనిజాన్ని జపాన్‌కి ఎగుమతి చెయ్యడం కోసం 1960లలో ఈ కొత్తవలస-కిరండూల్ లైను వేశారు. 58 సొరంగాలు. ఆ రాయి మన పోర్టుకీ, స్టీల్ ప్లాంటుకీ ఈ దారినే వస్తుంది. ఎక్కేటప్పుడు ఖాళీ వ్యాగన్లు, దిగేటప్పుడు నిండు వ్యాగన్లు. అంటే ఆ ఇంజనీర్లకి అసలు సమస్య ఎక్కడం కాదు, అంత బరువుని పట్టుకుని దించడం. ఇది ఆ రోజు తోచిన ఆలోచన కాదు, తర్వాత స్కూటర్ బ్రేకుల వల్ల తోచింది. దాని గురించి చెప్తాను.

ఘాట్లోకి వెళ్తే సిగ్నల్ ఉండదు, ఫోన్ చేస్తే ఇక్కడే చెయ్యాలి అన్నాడు చోడవరం. ఎవరికో చెప్పనక్కర్లేదు. చేశాను.

“నాన్నా, బండి ఆగిపోతోంది.”

“ఎక్కడున్నావ్?”

“బొడ్డవర.”

కాలేజీ బొడ్డవరలో లేదని ఆయనకి తెలుసు. ఒక్క క్షణం ఏమీ వినబడలేదు. తిట్లకి సిద్ధపడ్డాను.

“ఎక్కుడులో ఆగిందా, చదునులోనా?”

“చదునులోనే.”

“టక్కున ఆగిందా, గుంజుకుని ఆగిందా?”

“గుంజుకుని. పెట్రోలు అయిపోయినట్టు.”

“ఆగేక ఏం చేశావ్? వరసగా చెప్పు.”

చెప్పాను. ప్లగ్గు, పెట్రోలు, పది నిమిషాలు.

“పెట్రోలు ఎలా చూశావ్?”

“మూత తీసి.”

“తీసినప్పుడు సుయ్‌మని చప్పుడొచ్చిందా?”

వచ్చింది. రెండుసార్లూ వచ్చింది. అది చెప్పాల్సిన సంగతని నాకు తోచలేదు.

“మూతకి రంగు కొట్టేవు కదా. కన్నం మూసుకుపోయుంటది. పిన్నీసుతో పొడు.”

ఇరవై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆయన పనిలో ఎలా మాట్లాడతారో నేను వినడం అదే మొదటిసారి. గొంతు పెంచలేదు, తొందరపడలేదు, నేను అబద్ధం చెప్పిన సంగతి పక్కన పెట్టేశారు. అవతల మిషను ఆగిపోయి ఉంది, దాని పక్కన తెలీనివాడు ఒకడు నిలబడి ఉన్నాడు, అంతే.

మన జూనియర్ల కోసం చెప్తున్నాను. ట్యాంకులోంచి పెట్రోలు కార్బ్యురేటర్‌కి దానంతటదే దిగుతుంది. దిగిన మేరకి ట్యాంకులోకి గాలి రావాలి, మూతలో సన్నటి కన్నం అందుకే. అది మూసుకుపోతే లోపల పీడనం తగ్గి కాసేపటికి పెట్రోలు దిగడం ఆగిపోతుంది. నూనె డబ్బాకి రెండో చిల్లు పెట్టకపోతే నూనె రాదు కదా, ఇదీ అంతే. మూత తియ్యగానే గాలి దూరి బాగైపోతుంది. ప్రతిసారీ బండిని బాగుచేసింది నా ప్లగ్గు కాదు, పెట్రోలుందా అని చేసిన అనుమానం. ఫ్లూయిడ్ మెకానిక్స్ వైవాలో నాకు పదికి తొమ్మిది.

అయిదుగురు మగపిల్లల దగ్గర ఒక్క పిన్నీసు లేదు. టీ కొట్టు ఆవిడ గాజుకి తగిలించుకున్న గుత్తిలోంచి ఒకటి తీసి ఇచ్చింది. రెండు కోటింగుల పెయింటు చిన్న నల్ల పెచ్చుగా ఊడొచ్చింది.

ఫోన్ ఇంకా పెట్టెయ్యలేదు నాన్న. “ఎంతమందున్నారు?” అన్నారు. ఏడుగురం, ఇద్దరు ముందెళ్ళారు అన్నాను. “కొత్త బండి నాన్నా, వాళ్ళకేం కాదు.”

“బండి సంగతి కాదు. మీరేమయ్యారో వాళ్ళకి తెలీదు కదా. బేగెళ్ళి కలుసుకోండి.”

టైడాకి కొన్ని మలుపుల కింద కలిశారు. పైకి వెళ్తూ కాదు, కిందికి దిగుతూ ఎదురొచ్చారు. తుని బండి పక్కకి తీసి స్టాండ్ కూడా సరిగా వెయ్యలేదు. గంటంబావు టైడాలో కూర్చున్నారట, సిగ్నల్ లేదు. ఎక్కిన ప్రతి బండినీ చూశారట. అంతలో ఒక 108 సైరన్ వేసుకుని కిందికి దిగిందట. “అది... కిందకెళ్ళింది మావా, ఎక్కడికెళ్ళిందో తెలీలేదు...” అని ఆగిపోయాడు. వాడి మొహం నాకు కొత్తది కాదు. కంచాల ముందు కూర్చున్న అమ్మ మొహం అలాగే ఉండేది. నేను సారీ అన్నాను. దేనికో వాడు అడగలేదు. ఒళ్ళు అమ్ముకున్న మాట మాత్రం ఇంకా మా ఇద్దరి మధ్యా అలాగే ఉంది, ఈ వ్యాసం వాడు చదువుతాడు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఇదంతా అయ్యాక పాలకొండ క్లచ్ కేబుల్ తెగింది. ఎవరికీ కోపం కూడా రాలేదు. నవ్వొచ్చింది. లివర్ దగ్గర చివర ఉండే గుండు ఊడిపోయింది, తీగ బాగానే ఉంది. నాన్న బండి సైడ్ బాక్స్ తెరిచాను. పాత క్యాలెండరు కాగితాల్లో విడివిడిగా చుట్టినవి, ఒక ప్లగ్గు, ఒక చైన్ లాక్, గరుకు కాగితం ముక్క, స్క్రూ ఉన్న చిన్న ఇత్తడి నిపిల్. తీగ చివర నిపిల్‌లోకి దూర్చి స్క్రూ బిగించి లివర్‌లో కూర్చోబెట్టాం. ఏ కంపెనీ బండికైనా సరిపోతుంది. తుని టార్చి పట్టాడు, మిట్టమధ్యాహ్నం చెట్ల నీడలో ఫోన్ టార్చి ఎందుకో నాకు తెలీదు, కానీ పట్టాడు.

అనంతగిరి చేరేసరికి మూడైంది. కాఫీ తాగాం. గాలికొండ, సుంకరమెట్ట దాటితే అరకు, ఇంకో గంట. వలిసె పూలు ఉండేవే. కానీ చీకట్లో, పొగమంచులో ఈ నాలుగు బళ్ళతో ఘాట్ దిగడం అనేసరికి ఎవరూ ముందు మాట్లాడలేదు. “ఎల్లిపోదాం” అన్నది తుని. పూలు చూడాలని అందరికన్నా ఎక్కువ గోల పెట్టినవాడు వాడే.

దిగేటప్పుడు స్కూటర్ నుంచి కాలిన వాసన. చోడవరం బ్రేకు పట్టుకునే దిగుతున్నాడు, వాడికి వేరే దారి లేదు. మేం సెకండ్ గేర్లో వేసుకుంటే ఇంజనే ఆపుతుంది, దానికి ఆ సుఖం తక్కువ. లివర్ చివరిదాకా నొక్కితే గానీ ఆగని స్థితి వచ్చింది. నీళ్ళు పొయ్యబోతుంటే వద్దన్నాను, కాలిన డ్రమ్ము మీద చన్నీళ్ళు పోస్తే పగలొచ్చు. అలాగే వదిలి చల్లారనిచ్చాం. ఆ అరగంటలో పాలకొండా నేనూ లెక్క కట్టాం. బండీ ఇద్దరు మనుషులూ కలిపి 230 కిలోలు, 800 మీటర్లు దిగారనుకుందాం. 18 లక్షల జూళ్ళు. గాలి కొంత తీసుకున్నా మిగతాదంతా ఆ రెండు అరచేతులంత డ్రమ్ముల్లోకే పోవాలి. ఆరు లీటర్ల చన్నీళ్ళు మరిగించేంత వేడి. ఆ గూడ్సు బండి దీనికి ఎన్నింతలో లెక్కపెట్టడం మొదలెట్టి మానేశాం.

లెక్క తేలాక బొబ్బిలి స్కూటర్ దిగొచ్చి నా వెనక ఎక్కాడు. ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఎస్.కోట దాకా ఇద్దరం ఆ బండి చప్పుడే విన్నాం.

బొడ్డవరలో టీ కొట్టు మూసేసి ఉంది. సిగ్నల్ రాగానే ఫోన్ వరసగా మోగింది, నాన్నవి పద్నాలుగు మిస్డ్ కాల్స్. చేస్తే అమ్మ ఎత్తింది. “పొద్దుట్నించీ గేటు దగ్గరే ఉన్నారు” అని మాత్రం చెప్పింది.

ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. బండి లోపల పెట్టాను. నాన్న టార్చి తెచ్చి ముందు ట్యాంకు మూత చూశారు, తర్వాత సైడ్ బాక్స్ తీసి ఒక్కొక్క కాగితం పొట్లం విప్పారు.

“ఈ పిన్నీసెవరిది?”

చెప్పాను. తిరిగి ఇద్దామంటే కొట్టు మూసేశారని కూడా చెప్పాను. ఆయన దాన్ని నిపిల్ ఉండే కాగితంలో చుట్టి మళ్ళీ లోపల పెట్టారు.

“రేపు బజారుకెళ్తే నిపిల్ ఒకటి తే” అన్నారు. మెట్లెక్కుతూ ఆగి, “రెండు తే” అన్నారు.

లోపల అమ్మ రెండు కంచాల మీద బోర్లించిన కంచాలు తీస్తోంది.